ఎర్ర బల్బు వెలగని రోజు

మొన్న మిక్సీ కొనడానికని మా చెల్లెలు నన్ను వెంటబెట్టుకుని, అవుటర్ రింగు రోడ్డు దిగేచోట కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి తీసుకుపోయింది. అది మిక్సీల బేరంలో ఉండగా నాకు కాళ్లు పీకి ఒక బల్ల దగ్గర కూలబడ్డాను. అక్కడ అద్దాల పెట్టెలో, నగల దుకాణంలో హారాలకు పెట్టినట్టు దీపాలు పెట్టి, హెడ్‌ఫోన్లు వరసగా ఉంచారు. నాది కొనే మొహం కాదని తెలిసి కూడా ఆ కౌంటర్లోని పిల్ల, పాపం మంచిది, ఒక జత తీసి నా తలకు తగిలించి, "వినుండ్రి అమ్మా, మనిషి పక్కన కూసొని పాడినట్టే ఉంటది, అచ్చం అసలే," అంది. ధర కూడా చెప్పింది. నాకు నవ్వు ఆగలేదు. ధర విని నవ్వాననుకుని ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది గాని, నేను నవ్వింది ధరకు కాదు, "అచ్చం అసలే" అన్న మాటకు. ఒకప్పుడు పటాన్‌చెరులో ఆ అసలును నేనే.

నా ఈడు వాళ్లకు అప్పటి పటాన్‌చెరు ఎలా ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు. బొంబాయి రోడ్డుకు అటూ ఇటూ ఇవాళ ఒక షెడ్డు, రేపు ఒక షెడ్డు లేస్తుండేవి; ఎండ చూసి పొద్దు చెప్పే మా మామగారు కూడా సైరన్ కూతకు అన్నానికి లేవడం మొదలుపెట్టారు. మాది భానూరు వైపు పల్లె. మా అత్తవారి భూమిలో రోడ్డు పక్క ముక్క ఫ్యాక్టరీలకు పోయి, వాగు పక్క ముక్క మాకు మిగిలింది. మా ఆయన ఒక మందుల ఫ్యాక్టరీలో చేరారు. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని, కళ్లు మంచివి, వేళ్లు సన్నవి, అందుకని ఎనభైల చివర్లో పక్కింటి వదిన పనిచేసే హెడ్‌ఫోన్ల షెడ్డులో నన్నూ చేర్పించారు. వదిన అంటే సొంత వదిన కాదు, ఊరి వరస. "ఎండల పని గాదత్తా, నీడపట్టున కూసునే పని, జెర కండ్లు మంచిగుంటె సాలు," అని మా అత్తను ఒప్పించింది ఆమే.

హెడ్‌ఫోన్ అంటే మనకు పైకి కనిపించేది తల మీది పట్టీ, చెవుల మీది గిన్నెలు. మా పని దాని లోపలిది. తలవెంట్రుక కంటే సన్నటి రాగి తీగను చిన్న చుట్టగా చుట్టి, ఉల్లిపొరలాంటి ప్లాస్టిక్ బిళ్లకు జిగురుతో అంటించాలి. ఆ బిళ్ల వణికితేనే పాట పుడుతుంది. జిగురు ఘాటుకు మొదటి వారం నాకు కడుపులో తిప్పింది, తర్వాత అలవాటైంది. అలవాటైతే సంతోషించాను కూడాను, తెలివి తక్కువదాన్ని.

మా షెడ్డులో రెండు రకాలు తయారయ్యేవి. చౌక రకం బడులకూ ఆఫీసులకూ పోయేది, ఖరీదు రకం విదేశాలకు పోయేది. ఖరీదు జత ఒక్కటి అమ్మితే వచ్చేది మా దొడ్లో పాడిబర్రెలు రెండూ అమ్మినా రాదు. ఇప్పుడు చెబితే మీరు నమ్ముతారో నమ్మరో, రెండు రకాలకూ అదే తీగ, అదే జిగురు, అవే చేతులు. చేసిన బిళ్లల్లో ఎడమ చెవికీ కుడి చెవికీ ఒక్క తీరుగా పలికేవి ఏవో చూసి జతలు కలిపేవాళ్లం. బాగా కలిసిన జతలు ఖరీదు డబ్బాలోకి, కలవనివి చౌక డబ్బాలోకి. "పెండ్లి సంబంధాలు జూసినట్టు జూస్తున్నం గదనే," అని వదిన నవ్వేది. అంత ధరలో సగం ఆ ఏరడానికే పోయేదనుకుంటాను. తక్కిన సగం మా సారు పిచ్చికి పోయేది.

సారు గుంటూరు వైపు మనిషి. పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగానికని వచ్చి, ఇక్కడే స్థిరపడి, ఆ ఉద్యోగం వదిలేసి ఈ షెడ్డు పెట్టుకున్నారు. మనిషి చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. ఎవరినీ ఏకవచనంతో పిలిచి ఎరుగరు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించిన షెడ్డు ఆ వరసలో మాది ఒక్కటే. కానీ చెవుల విషయానికి వచ్చేసరికి ఆయనకు లోకం పట్టేది కాదు. బాగుండటం వేరు, నిజంగా ఉండటం వేరు అనేవారు. విదేశాల వాళ్లు మోత ఎక్కువ కావాలని రాస్తే, తీపి కలపడం నా పని కాదని మండిపడేవారు. మనిషి పాడితే మనిషి పాడినట్టే వినపడాలట, అంతకంటే బాగా వినపడినా తప్పేనట. మేము తలలు ఊపేవాళ్లం. మోత ఎక్కువుంటే మాకూ బాగానే ఉండేది మరి.

నాకు తీగ చుట్టేటప్పుడు కూనిరాగం తీసే అలవాటు. చేలో కలుపు తీసేటప్పుడు పాడే పాట ఒకటుంది, మా అత్త నేర్పింది, చేతులు ఒక తాళంలో పడితే అది తనంతట తానే నోట్లోకి వస్తుంది. సూపర్‌వైజరు ఎన్నిసార్లు కసిరినా ఆగేది కాదు. ఒకరోజు సారే వెనక వచ్చి నిలబడ్డారు. తిడతారని నోరు మూసుకుంటే, పాడమన్నారు. సిగ్గుపడుతూనే పాడాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు, మర్నాడు నన్ను జిగురు బల్ల దగ్గర్నుంచి లేపి, లోపలి గదికి పంపారు.

ఆ లోపలి గది సంగతి చెప్పాలి. బయటి లారీల చప్పుడు రాకుండా గోడలకు గోనెసంచులు, వాటి మీద మా ఇళ్లలోని పాత చీరలు అడిగి తెచ్చి మేమే కుట్టిన బొంతలు వేలాడదీశారు. మధ్యలో ఒక కుర్చీ, దాని ముందు సన్నటి తెర. ఖరీదు రకం కొత్త నమూనా తయారైనప్పుడల్లా ఎవరినో ఒకరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలించేవారు. దాని గిన్నెలు జల్లెడలా చిల్లులతో ఉండి, బయటి చప్పుడు కూడా లోపలికి వచ్చేది. తెర వెనక నేను. సారు చెయ్యి ఊపితే నేను పాడాలి, లేదా ఆయన మీట నొక్కి ముందే పట్టి ఉంచిన నా పాటను హెడ్‌ఫోన్‌లోకి వదులుతారు. విన్నది మనిషినైతే ఎర్ర బల్బు, యంత్రాన్నైతే ఆకుపచ్చ బల్బు వెలిగించాలి కుర్చీలోని వాళ్లు. బల్బులు సారు బల్ల మీద ఉండేవి, తెర పక్కనుంచి నాకూ కనిపించేవి.

పాటను పట్టిన తీరు కూడా తమాషాయే. మనిషి చెవులకు ఎలా వినపడుతుందో అలాగే పట్టాలని సారు మా ఊరి కుమ్మరి చేత మనిషి తలంత మట్టి తల ఒకటి చేయించి, దాని రెండు చెవుల్లో రెండు బుల్లి మైకులు పెట్టి, ఆ కుర్చీలోనే నిలబెట్టారు. నేను దాని ఎదురుగా పాడాను. దసరాకు ఆయుధపూజ నాడు వదిన ఆ తలకు కూడా బొట్టు పెట్టి, కండువా చుట్టి, "బావా, మంచిగ వినుండ్రి," అని పరాచికమాడితే షెడ్డంతా పడీ పడీ నవ్వాం.

మొదట్లో పట్టింది మామూలు టేపు మీద. టేపుకు సన్నటి బుస ఉంటుంది గనుక ఎవరైనా ఇట్టే కనిపెట్టేసేవారు. నేను పాడితే ఎర్ర బల్బు, టేపు పాడితే ఆకుపచ్చ బల్బు, తేడా రాదు. ఆ తర్వాత సారు ఎక్కడెక్కడో తిరిగి జపాను నుంచి బుస లేని యంత్రం తెప్పించి, మళ్లీ నన్ను మట్టి తల ఎదుట కూర్చోబెట్టి కొత్తగా పట్టారు. నా గొంతు అప్పుడున్నంత బాగా అంతకు ముందు లేదు, ఆ తర్వాత లేదు. ఇది నేను గొప్పకు చెప్పుకోవడం కాదు, నిలబెట్టుకోలేని గొప్ప చెప్పుకుని ఏం చేస్తాను?

ఆ రోజుల్లో నాకు ఎంత గీర అంటే, అన్నం డబ్బా కూడా లోపలి గదిలోనే తినేదాన్ని. షెడ్డులో అందరూ నన్ను "అసలక్క" అని పిలిచేవారు. హైదరాబాదు నుంచి చదువుకున్నవాళ్లు, సంగీతం తెలిసినవాళ్లు కార్లలో వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, నేను నోరు తెరవగానే ఎర్ర బల్బు వెలిగించేవారు. చేలో ఎన్ని వందలసార్లు పాడితే ఎవరు పట్టించుకున్నారు? ఇక్కడ నా గొంతు తూకపు రాయి అయింది. లక్షల సరుకును నాతో పోల్చి, ఇది ఇంకా తక్కువ, ఇది కాస్త నయం అని తేల్చేవారు. ఇంటికి పోయి మా అత్తకు చెబితే, "గట్లనా? నీ పాటకు బల్బు ఎలుగుతదా?" అని ఆమె నమ్మీ నమ్మనట్టు చూసేది. నమ్మకపోయినా ఊరంతా తిరిగి చెప్పుకుని వచ్చింది.

సరుకు ఏటేటా మెరుగవుతోంది. యంత్రం పాడినప్పుడు కూడా ఒకరో ఇద్దరో పొరబడి ఎర్ర బల్బు వెలిగిస్తే సారు ఉబ్బిపోయేవారు. నాకూ సంతోషంగానే ఉండేది, నన్ను గుర్తుపట్టడంలో మాత్రం ఎవరూ పొరబడటం లేదు కదా అని.

ఇక ఊరి సంగతి. మా చేను పక్క వాగు ఒక ఏడు ఎర్రగా పారింది, ఒక ఏడు పసుపుపచ్చగా పారింది. బావి నీళ్ల మీద నూనెలాంటి తెట్టు కట్టేది. ఒక బర్రె ఈచుకుపోయి దూడ కడుపులోనే పోయింది, రెండోదాన్ని భయపడి అమ్మేశాం. వరి వేస్తే పొట్టు తప్ప గింజ లేదు, వాగు పక్క ముక్క కూడా పడావు పడింది. చలికాలం పొద్దున్నే లేస్తే ఊరి మీద పొగమంచు కాని పొగ ఒకటి పరుచుకుని, కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టేది. ఆ పొగలో నేను షెడ్డుకు నడిచేదాన్ని. మొదట పొద్దుటిపూట మాత్రమే గొంతు రాసుకునేది. తర్వాత మధ్యాహ్నం దాకా. తర్వాత పై స్థాయి అందుకోబోతే గాలి తప్ప స్వరం వచ్చేది కాదు. సంగారెడ్డిలో డాక్టరుకు చూపిస్తే, గాలి మార్చమన్నాడు. గాలి ఏమైనా చీరా మార్చడానికి? బయటి పొగ ఎంత తిన్నదో, అంతకు ముందు పీల్చిన జిగురు ఎంత తిన్నదో ఆయనా చెప్పలేకపోయాడు. సారుకు మాత్రం నేను చెప్పలేదు. పటికబెల్లం, మిరియాలు బుగ్గన పెట్టుకుని తెర వెనక్కి వెళ్లేదాన్ని.

అట్లాంటి రోజుల్లో బొంబాయి నుంచి పెద్ద కొనుగోలుదారులు వస్తున్నారని షెడ్డుకు సున్నం వేయించారు. వాళ్ల వెంట ఒక విదేశం దొర కూడా వచ్చాడు. సారు అన్నేళ్లుగా తపస్సు చేసిన కొత్త నమూనా ఆ రోజు బయటికి తీశారు. ఒకరి తర్వాత ఒకరు కుర్చీలో కూర్చుంటారు, సారు చెయ్యి ఊపితే నేను పాడతాను.

మొదట సారు యంత్రాన్ని వదిలారు. నాకేమీ వినపడదు, బల్బు మాత్రం కనిపిస్తుంది. ఎర్ర బల్బు వెలిగింది. సరే, పొరబడ్డారు, కొత్త నమూనా బాగున్నట్టుంది అనుకున్నాను. తర్వాత నా వంతు. ఊపిరి పట్టి, ఉన్న గొంతంతా కూడగట్టుకుని పాడాను. ఆకుపచ్చ బల్బు వెలిగింది. నాకు అర్థం కాలేదు, మీట తప్పు నొక్కారేమో అనుకున్నాను. ఇంకొకాయన కూర్చున్నాడు. మళ్లీ యంత్రానికి ఎర్ర బల్బు, నాకు ఆకుపచ్చ. చివరికి ఆ దొర కూర్చున్నాడు. మధ్యలో నాకు దగ్గు పొడుచుకొచ్చింది. దగ్గితే ఎవరైనా మనిషే అని కనిపెట్టేస్తారు, పరీక్ష చెడుతుంది, అందుకని దగ్గకూడదని నాకు మొదటి రోజే సారు కట్టడి. చీర చెంగు నోట్లో కుక్కుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా దగ్గును మింగి, మళ్లీ అందుకుని పాట ముగించాను. దొర కూడా ఆకుపచ్చ బల్బే వెలిగించాడు.

తెర అవతల చప్పట్లు. ఇంగ్లీషులో ఏమేమో అనుకుని చేతులు కలుపుకుంటున్నారు. నేను తెర వెనక అలాగే నిలబడి ఉన్నాను. ఆ తర్వాత ఎంత ఆలోచించినా నాకు తోచింది ఇదే: ఒక గొంతు కమ్మగా ఉంది, ఒక గొంతు బొంగురుగా, చివర్లు విరిగిపోతూ ఉంది. విరిగేది యంత్రమే అయి ఉంటుందని వాళ్లు అనుకున్నారు. మనిషి కూడా చెడిపోతుందని ఆ పెద్దవాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

అతిథులు వెళ్లిపోయాక సారు దూద్‌పేడా డబ్బా పట్టుకుని లోపలికి వచ్చారు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "చూశారా అమ్మా, మనది నిన్ను... మిమ్మల్నే మించిపోయిందండీ! మిమ్మల్ని యంత్రం అన్నారు!" అన్నారు. ఆయన నన్ను ఎగతాళి చేయలేదు, నిజంగానే ఆ సంతోషంలో నాకు వాటా ఇవ్వబోయారు. నేను ఊరుకోలేక, "సారూ, మిషన్ల ఉన్నది గూడ నేనే గద," అన్నాను. "అదే కదండీ! మీరే గెలిచారు, మీరే ఓడారు, లెక్క సరి," అని నవ్వి, ఇక రోజూ నా గొంతు నొప్పించక్కర్లేదని, నాకూ శ్రమ తప్పిందని అన్నారు. నా గొంతు అట్లా ఎందుకైందని మాత్రం అడగలేదు. అన్నేళ్లు విన్న చెవులు, ఆ రోజూ విన్న చెవులు, ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఇప్పటికీ ఈ ఒక్కచోట ఆయన్ను క్షమించలేను.

తర్వాతి సోమవారం నన్ను మళ్లీ జిగురు బల్ల పనికి వేశారు. జీతం తగ్గించలేదు, ఆ మాటా చెప్పాలి. "అసలక్కా, వచ్చినవా మళ్ల?" అని ఎవరో నవ్వబోతే వదిన కసిరింది. "నవ్వకుండ్రి. దాని గొంతు మింగినోళ్లు మన గొంతులు ఇడిసిపెడ్తరా?" అంది. ఆ తర్వాత ఎవరూ నన్ను ఆ పేరుతో పిలవలేదు. పిలవకపోవడం ఇంకా బాధగా ఉండేది.

ఆ ఏడు దసరాకు సారు నాకు ఖరీదు రకం హెడ్‌ఫోన్ ఒకటి, పాట పెట్టే చిన్న యంత్రం ఒకటి, నా పాట ఎక్కించిన సీడీ బిళ్ల ఒకటి బహుమానంగా ఇచ్చారు. ఇంటికి తెచ్చి మూడు రోజులు ముట్టుకోలేదు. మా అత్తే పట్టుబట్టింది, ఇన్నేళ్లూ బల్బు బల్బు అన్నావు, నాకూ వినిపించమని. అప్పటికి ఆమెకు చూపు మందగించింది గాని చెవులు మాత్రం పాము చెవులే. గడప దగ్గర కూర్చోబెట్టి, కొప్పు మీదుగా పట్టీ సర్ది, మీట నొక్కి, నేను ఎదురుగా కూర్చున్నాను.

ఆ పాట తీరు తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కలుపు పాట ఒక్కరు పాడేది కాదు. ముందు వరసలో ఒకరు ఒక చరణం అందిస్తే, వెనక వరసలో వంగినవాళ్లు బదులు అందుకుంటారు. సారు నా ఒక్కదాని చేతే పాడించారు గనుక, బదులు రావలసిన చోట నేను అలవాటు కొద్దీ ఊపిరి పట్టి ఆగేదాన్ని. ఆ ఖాళీ ఆయనకు చాలా ఇష్టం, మంచి హెడ్‌ఫోన్ సంగతి నిశ్శబ్దంలోనే తెలుస్తుందనేవారు.

మా అత్త కాసేపు కదలకుండా వింది. చరణం అయిపోయి ఆ ఖాళీ వచ్చినట్టుంది, ఆమె నడుము ముందుకు వంచి, చెవులకు హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లు అరిచినట్టు, వాకిలంతా వినపడేలా బదులు అందుకుంది. మళ్లీ ఆగింది, తల ఊపుతూ వింది, మళ్లీ బదులు పాడింది. చేతి వేళ్లు నేల మీద గరిక పీకుతున్నట్టే కదిలాయి. ఎదురుగా నేను ఉన్నాను. నా ఊపిరి ఆమె మొహానికి తగిలేంత దగ్గరగా ఉన్నాను. ఆమె మాత్రం నాకు కుడిపక్కగా, ఎక్కడో కాస్త ఎడంగా, చేలో నేను నిలబడే చోటు వైపు మొహం తిప్పి పాడుతోంది. పాట అయిపోయాక తీసి నా ఒళ్లో పెట్టి, "ఆహా, ఎన్ని రోజులాయె బిడ్డా నీతోని పాడి," అంది.

నేను "అవునత్తా" అన్నాను, అంతే. ఆ బొంగురు గొంతు విని ఆమెకు ఏదో తట్టింది. తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. బల్బులు వెలిగించినవాళ్లను నేను ఎన్నడైనా మరిచిపోగలను. వాళ్లకు నేనెవరినో తెలియదు. ఈమె నన్ను పదిహేనేళ్లు పక్కన వంగి విన్న మనిషి.

సారు కోరుకున్న నిజం ఆయనకు దక్కింది, దాని ధర కూడా ముట్టింది, కొద్ది ఏళ్లకే చవక సరుకు ఓడల్లో దిగి షెడ్డు మూతపడితే ఆ పాటల యంత్రాలన్నీ ఎవరు పట్టుకుపోయారో తెలియదు. నా దగ్గరి బిళ్ల మీద గీతలు పడి ఎన్నడో పలకడం మానేసింది. మా అత్త పోయింది, వదిన మెదక్ వైపు కూతురి దగ్గర ఉంది, ఫోన్లో ఆమె దగ్గు తప్ప మాట సరిగా వినపడదు. వాగు అవతల చేలకు బోరు నీళ్లు తెచ్చి కొందరు మళ్లీ వరి వేస్తున్నారు, చూడటానికి పచ్చగానే ఉంటుంది. కలుపుకు మందు కొడతారు. మూతికి గుడ్డ కట్టుకున్న మనిషి ఒక్కడు డబ్బా వీపున వేసుకుని పొద్దెక్కేలోపు పని ముగించి వెళ్లిపోతాడు. ఆ పాట చేలో నిజంగా ఎట్లా ఉండేదో తెలిసినవాళ్లం ఊళ్లో ఇంకా కొందరం ఉన్నాం. ఎప్పుడైనా ఒకచోట కలిస్తే ఎవరో ఒకరు మొదటి చరణం అందుకోబోతారు, అంతలోనే ఆగిపోయి, మంచినీళ్లు అడుగుతారు.